పాత కంప్యూటర్‌లో లినక్స్ వేశాక స్క్రీన్ సైజు సరిగ్గా రావట్లేదా? మానిటర్ ఏం చెప్తా ఉందో ముందు కనుక్కోండి

మా బావకి కావలి దగ్గర రొయ్యల మేత షాపు ఉంది. బిల్లులు కొట్టుకోడానికి ఒక పాత జీ41 బోర్డు కంప్యూటరు, దానికి 19 ఇంచుల వైడ్ ఎల్‌సీడీ. పోయిన ఎండాకాలం విండోస్ మరీ మొరాయిస్తా ఉంటే నేనే పోయి లినక్స్ మింట్ వేసొచ్చా, బాగానే పరిగెత్తింది. నెల తిరక్కుండా ఫోను. "ఏం బామ్మర్దీ, అక్షరాలన్నీ అడ్డంగా సాగిపోయి లావుగా కనపడతన్నాయి, సున్నా కొడితే కోడిగుడ్డు పడుకోబెట్టినట్టు ఉంది" అన్నాడు. డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచి చూడమంటే 1024 బై 768 కంటే పైన ఏమీ లేదంట. ఈలోపల ఎవరో రిపేర్ షాపులో చూపిస్తే మానిటర్ అయిపోయింది కొత్తది కొనుక్కో అన్నారంట. ఆ మానిటర్‌కి ఏమీ కాలేదు, చివరికి తేలింది కేబుల్‌లో ఒక పిన్ను. ఇట్టా బాగున్న మానిటర్లు ఎన్ని పాత సామాన్ల వాడికి పోతన్నాయో అని నాకు నిజంగా బాధేసిద్ది, అందుకే మొత్తం పద్ధతి ఒకచోట రాస్తన్నా. మీకు లినక్స్ కొత్తయినా పర్లేదు, ఒక్కొక్కటీ చేసుకుంటా రండి.

ముందు అసలు సంగతి ఏందో తెలుసుకోవాలి, అది తెలిస్తే మిగతాదంతా మీ అంతట మీకే తోచిద్ది. మానిటర్ తన గురించి తనే చెప్పుకుంటది. దాని లోపల ఒక చిన్న మెమరీ చిప్పు ఉంటది, దాంట్లో 128 బైట్ల సమాచారం, దీన్ని ఈడీఐడీ అంటారు. వెసా అనే సంస్థ 1994లో పెట్టిన పద్ధతి ఇది. కంపెనీ పేరు మూడక్షరాల్లో, ఏ సంవత్సరం ఏ వారంలో తయారైంది, అద్దం వెడల్పు ఎత్తు ఎన్ని సెంటీమీటర్లు, నాకు ఏ సైజు బొమ్మ పంపిస్తే బాగుంటది, ఇవన్నీ దాంట్లో ఉంటాయి. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు గ్రాఫిక్స్ కార్డు వీజీఏ కేబుల్‌లో, అంటే మానిటర్‌కి పోయే 15 పిన్నుల పాత రకం కేబుల్‌లో, రెండే రెండు తీగల మీద ఆ చిప్పుని చదువుకుంటది. ఆ చదవటం కుదిరితే మీరు సెట్టింగ్స్ జోలికే పోనక్కర్లేదు, కుదరకపోతే లినక్స్‌కి అవతల ఏం మానిటర్ ఉందో తెలియదు, పెద్ద సైజు పంపిస్తే తట్టుకుంటదో లేదో అని భద్రంగా 1024 బై 768 దగ్గరే ఆగిపోద్ది. మా బావకి జరిగింది ఇదే. కాబట్టి మనం వెతకాల్సింది ఒక్కటే, ఆ సమాచారం బయల్దేరి ఎక్కడ ఆగిపోయింది, మానిటర్‌లోనా కేబుల్‌లోనా మధ్యలో పెట్టిన డబ్బాలోనా లేకపోతే కంప్యూటర్ లోపల డ్రైవర్‌లోనా. ఇది తేలకుండా ఎక్కడో దొరికిన కమాండ్ కొట్టి బలవంతంగా సైజు పెట్టొద్దు.

ఇంకో మాట, కమాండ్‌లన్నీ బావకి ఫోన్‌లో చెప్పినట్టే పలికినట్టు రాస్తా. టెర్మినల్‌లో, అంటే కమాండ్‌లు టైపు చేసే కిటికీలో, కొట్టేటప్పుడు అన్నీ ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టాలి, నేను ప్రత్యేకంగా పెద్దక్షరం అని చెప్పిన చోట తప్ప. నేను ఖాళీ వదిలిన చోట స్పేస్ బార్, రెండు మైనస్‌లు పక్కపక్కనే ఉంటే మధ్యలో ఖాళీ వద్దు. మనుషులం సైజుని 1440 బై 900 అంటాం గానీ కమాండ్‌లో ఆ బై చోట చిన్న ఎక్స్ అక్షరం పడాలి.

మొదటి పని: మానిటర్ అసలు సైజు తెలుసుకోండి

ఎల్‌సీడీ అయితే దానికి పుట్టుకతో వచ్చిన సైజు ఒక్కటే, అన్ని చుక్కలు ఆ గాజులోనే ఉంటాయి, అదే పెడితేనే అక్షరం పదునుగా ఉంటది. వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబర్ చూసి నెట్‌లో వెతికితే దొరికిద్ది. స్టిక్కర్ చెరిగిపోయి ఉంటే టేపు పెట్టి మూలకి మూలకి కొలవండి. 15 ఇంచుల చదరంగా ఉండేది సాధారణంగా 1024 బై 768. 17, 19 ఇంచుల చదరంవి 1280 బై 1024. 18.5 వైడ్ 1366 బై 768, 19 వైడ్ ఎక్కువగా 1440 బై 900, 20 వైడ్ 1600 బై 900, 22 వైడ్ 1680 బై 1050, 21.5 వైడ్ అయితే 1920 బై 1080. పాత ఆఫీసుల నుంచి వచ్చేవి నూటికి తొంభై ఈ లిస్టులోనే ఉంటాయని నా అనుభవం. 15 ఇంచుల చదరం మానిటర్‌కి 1024 బై 768 వస్తా ఉంటే అది తప్పు కాదు, అదే దాని సైజు, ఇక్కడితో ఆపేయొచ్చు.

మానిటర్ కింద మెనూ బటన్ నొక్కితే ఇప్పుడు లోపలికి ఏ సైజు ఎన్ని హెర్ట్జ్ వస్తా ఉందో కూడా చూపిచ్చిద్ది. ఆటో అనే బటన్ ఉంటది చూశారా, అది బొమ్మ పక్కకి జరిగితే మధ్యలోకి తెస్తది అంతే, సైజు సమస్యకి అది మందు కాదు. దాన్ని పదే పదే నొక్కుతా కూర్చునే వాళ్ళని చాలామందిని చూశా.

రెండోది: ఎక్స్‌రాండర్ ఏం చెప్తా ఉందో చదవండి

టెర్మినల్ తెరిచి ఎక్స్, ఆర్, ఏ, ఎన్, డీ, ఆర్ ఈ ఆరు అక్షరాలూ కలిపి కొట్టి ఎంటర్ నొక్కండి. ఇక మీద దీన్ని ఎక్స్‌రాండర్ అంటా. ఇది చూపిస్తది అంతే, ఏమీ మార్చదు, భయం లేదు. చాలామంది దీని అవుట్‌పుట్ చూసి ఏదో లెక్కల పుస్తకం అనుకుని మూసేస్తారు, నిజానికి మనకి కావాల్సిన సమాధానం సగం ఇక్కడే ఉంటది కాబట్టి నిదానంగా చదవండి.

వీజీఏ-1 కనెక్టెడ్ అని ఒక లైను ఉంటది, కొన్ని పాత ఇంటెల్ డ్రైవర్‌లలో మధ్యలో గీత లేకుండా వీజీఏ1 అని ఉంటది. మీ దాంట్లో ఎట్టా ఉందో అచ్చం అట్టాగే కాగితం మీద రాసుకోండి, ఇక్కడ వీజీఏ మూడూ పెద్దక్షరాలే. తర్వాత ఆ లైను చివరకి పోండి. అక్కడ రెండు అంకెలు మిల్లీమీటర్లలో ఉంటాయి. 19 ఇంచుల వైడ్‌కి 410 ఎమ్ఎమ్, 256 ఎమ్ఎమ్ అట్టా ఏదో వస్తే మానిటర్ తన కొలతలు చెప్పింది, ఇవతల కంప్యూటర్ విన్నది. అదే 0 ఎమ్ఎమ్, 0 ఎమ్ఎమ్ అని ఉంటే చాలావరకు సమాచారం అసలు రాలేదని లెక్క. మా బావ ఫోన్‌లో "సున్నా సున్నా అని ఉంది" అన్నప్పుడే నాకు సగం అర్థమైపోయింది.

దాని కింద సైజుల లిస్టు ఉంటది. నక్షత్రం గుర్తు ఉన్నది ఇప్పుడు నడస్తా ఉన్నది. ప్లస్ గుర్తు ఉన్నది మానిటర్ అడుగుతున్నది. రెండూ ఒకే వరసలో ఉంటే అంతా బాగున్నట్టు. ప్లస్ ఒకచోట నక్షత్రం ఒకచోట ఉంటే ఎవరో సెట్టింగ్ మార్చి పెట్టారంతే, ఇట్టా కొట్టండి:

ఎక్స్‌రాండర్ --అవుట్‌పుట్ వీజీఏ-1 --ఆటో

దానికదే మానిటర్ అడిగిన సైజుకి వెళ్ళిపోద్ది. అసలు ప్లస్సే ఎక్కడా లేకపోతే మనం ఇంకా లోపలికి పోవాలి. ఇంకోటి, వీజీఏ అనే మాటే లేకుండా డీఫాల్ట్ కనెక్టెడ్ అని వస్తే, పైన గామా గురించి ఏదో ఫెయిల్డ్ అని కూడా ఉంటే, అది కేబుల్ సంగతి కాదు, డ్రైవర్ ఎక్కలేదు. అట్టాంటోళ్ళు నేరుగా మూడో పనికి పోండి.

మధ్యలో ఒక సంగతి. లినక్స్‌లో తెర మీద బొమ్మ వేసే పద్ధతులు రెండు, ఎక్స్ఆర్గ్ పాతది, వేలాండ్ కొత్తది. మీరు వేలాండ్ సెషన్‌లో ఉంటే ఎక్స్‌రాండర్ చూపిచ్చేది నమ్మటానికి లేదు, దాంతో సైజులు మార్చటం కూడా కుదరదు. లాగిన్ స్క్రీన్‌లో పేరు దగ్గర చిన్న గుర్తు నొక్కి ఎక్స్ఆర్గ్ అని ఉన్నది ఎంచుకుని లోపలికి రండి. మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసుకున్నోళ్ళకి ఈ బాధ లేదు.

మూడోది: డ్రైవర్ ఎక్కిందా లేదా

ఎల్ఎస్‌పీసీఐ -కే

ఇది కొడితే బోర్డు మీద ఉన్నవన్నీ వరసగా వస్తాయి. వీజీఏ కంపాటిబుల్ కంట్రోలర్ అని ఉన్న లైను వెతికి దాని కింద కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్ అని ఉందా చూడండి. జీ31, జీ41 లాంటి ఇంటెల్ బోర్డులకి ఐ915 అని ఉండాలి, పాత ఏటీఐ కార్డులకి రేడియాన్, ఎన్‌విడియాకి నౌవో. ఆ లైనే లేకపోతే లినక్స్ ఏదో మామూలు డ్రైవర్‌తో బండి లాగిస్తా ఉంది, అప్పుడు కేబుల్ ఎన్నిసార్లు మార్చినా ఏం లాభం లేదు.

దీనికి నేను ఎక్కువసార్లు చూసిన కారణం నోమోడ్‌సెట్ అనే మాట, అసలు గ్రాఫిక్స్ డ్రైవర్‌ని వాడొద్దని లినక్స్‌కి చెప్పేది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు స్క్రీన్ నల్లగా అయిపోతే ఎవరో ఇది పెట్టమని చెప్తారు, పెడతారు, పనయిపోద్ది, తీయటం మర్చిపోతారు. ఉందో లేదో చూడటానికి

క్యాట్ /ప్రాక్/సీఎమ్‌డీలైన్

అని కొట్టండి, ప్రాక్ అంటే పీ ఆర్ ఓ సీ. వచ్చిన లైనులో నోమోడ్‌సెట్ కనపడితే సుడో నానో /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్ అని తెరిచి ఆ ఒక్క మాటా తీసేసి, కంట్రోల్ ఓ, ఎంటర్, కంట్రోల్ ఎక్స్ కొట్టి బయటికొచ్చి, సుడో అప్‌డేట్-గ్రబ్ అని కొట్టి రీస్టార్ట్ చేయండి. తీసిన తర్వాత నిజంగానే నల్లగా అయిపోతే ఖంగారు వద్దు, ఆన్ అయ్యేటప్పుడు షిఫ్ట్ పట్టుకుంటే గ్రబ్ మెనూ, అంటే లినక్స్ లేవక ముందు కనపడే లిస్టు, వచ్చిద్ది, అక్కడ ఈ నొక్కి లినక్స్ అని మొదలయ్యే లైను చివర ఆ మాట మళ్ళీ రాసి ఎఫ్10 కొడితే ఆ ఒక్కసారికి పాత పద్ధతిలో లేస్తది.

నాలుగోది: మానిటర్ చిప్పు నుంచి ఎన్ని బైట్లు వచ్చినాయి

నాకు మొత్తంలో బాగా నచ్చే పని ఇది. ఎందుకంటే ఇక్కడ ఊహకి పని లేదు, వచ్చిందా రాలేదా అని కళ్ళతో చూసుకోవచ్చు.

ఎల్ఎస్ /సిస్/క్లాస్/డీఆర్ఎమ్

సిస్ అంటే ఎస్ వై ఎస్. ఇది కొడితే కార్డ్0-వీజీఏ-1 లాంటి పేర్లు కనపడతాయి, కొన్నింట్లో కార్డ్1 అని ఉంటది, మీకు ఏది వస్తే అదే వాడండి. ఇప్పుడు

క్యాట్ /సిస్/క్లాస్/డీఆర్ఎమ్/కార్డ్0-వీజీఏ-1/ఈడీఐడీ | డబ్ల్యూసీ -సీ

మధ్యలో నిలువు గీత, బ్యాక్‌స్లాష్ కీ మీద షిఫ్ట్‌తో వచ్చిద్ది. ఒక అంకె వచ్చిద్ది. 128 వస్తే మానిటర్ మాట్లాడింది. 256 వచ్చినా మంచిదే, దాని దగ్గర ఇంకో పేజీ ఎక్కువ ఉందని అర్థం. 0 వస్తే ఒక్క అక్షరం కూడా రాలేదు, అయిదో పనికి పోండి. బావకి సున్నా వచ్చింది.

128 వచ్చినోళ్ళు ఆ డబ్ల్యూసీ భాగం తీసేసి దాని బదులు హెక్స్‌డంప్ -సీ అని కొట్టి చూడండి, ఇక్కడ సీ పెద్దక్షరం. మొదటి లైను 00, తర్వాత ఆరుసార్లు ఎఫ్ఎఫ్, మళ్ళీ 00 అని మొదలవ్వాలి, ప్రతి మానిటర్‌కీ ఇదే మొదలు. అట్టా కాకుండా వేరేగా ఉంటే సమాచారం దార్లో చెడిపోయి వస్తా ఉంది. రెండో లైనులో చిరునామా అంకె తర్వాత మొదటిది తయారైన వారం, రెండోది సంవత్సరం, కాకపోతే పదహారు లెక్కలో (హెక్సాడెసిమల్) ఉంటది, దాన్ని మామూలు అంకెగా మార్చి 1990 కలుపుకోవాలి. అక్కడ 12 ఉందనుకోండి, పదహారు లెక్కలో అది 18, అంటే 2008లో పుట్టిన మానిటర్. అదే లైనులో ఆరోది వెడల్పు, ఏడోది ఎత్తు, సెంటీమీటర్లలో. 29, 1ఏ అని ఉంటే 41, 26 సెంటీమీటర్లు, టేపు పెట్టి కొలిచి చూసుకోండి సరిపోద్ది. ఒక పాత మానిటర్ తన వయసు చెప్పటం చూస్తే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటది.

ఇంత తలనొప్పి వద్దనుకుంటే ఈడీఐడీ-డీకోడ్ అనే ప్యాకేజీ వేసుకుని, దాని పక్కన ఆ ఫైలు పేరు మొత్తం ఇస్తే అంతా ఇంగ్లీషులో విడమర్చి చెప్పిద్ది. చివర్లో చెక్‌సమ్ తప్పు అని వస్తే, 128 బైట్లూ కూడితే 256తో సరిగ్గా భాగించబడాలి, పడలేదని అర్థం, మళ్ళీ కేబుల్ మీదే అనుమానం.

అయిదోది: కేబుల్, పిన్నులు, మధ్యలో డబ్బాలు

మన వైపు దీని గురించి ఎక్కువ చెప్పాలి. కావలి, ఇసకపల్లి, సింగరాయకొండ, కొత్తపట్నం, ఈ సముద్రం పక్క ఊళ్ళల్లో గాలిలో ఉప్పు ఉంటది, ఏసీ లేని గదుల్లో రెండు మూడేళ్ళకి పిన్నుల మీద పచ్చగా తెల్లగా పేరుకుపోద్ది. చీమకుర్తి వైపు గ్రానైట్ కోసే చోట్ల దుమ్ము. బొమ్మ తెచ్చే పిన్నుల సిగ్నల్ అంతో ఇంతో లాక్కొస్తది గానీ, సమాచారం తెచ్చే ఆ రెండు పిన్నుల్లో ఒక్కటి సరిగ్గా తగలకపోయినా మాట మొత్తం ఆగిపోద్ది. అందుకే బొమ్మ బాగానే ఉండి సైజు మాత్రమే పోద్ది, జనం మోసపోయేది ఇక్కడే.

కంప్యూటరు, మానిటరు రెండూ ఆపి, కేబుల్ ఊడదీసి, పిన్నులున్న మూతిని మీకు ఎదురుగా పెట్టుకోండి, వెడల్పు వైపు పైకి ఉండాలి. మూడు వరసలు, వరసకి అయిదు. పై వరస ఎడమ నుంచి 1 నుంచి 5, మధ్య వరస 6 నుంచి 10, కింద వరస 11 నుంచి 15. మనకి ప్రాణం 12, 15. అంటే కింద వరసలో ఎడమ నుంచి రెండోదీ, కుడి చివరిదీ. అవి వంగిపోయినాయా, లోపలికి దిగిపోయినాయా, అసలు లేవా, సెల్ లైటు వేసి చూడండి. 9 లేకపోతే దాన్ని చూసి కేబుల్ పారేయొద్దు, చాలా కేబుళ్ళకి అది ఉండదు, 4, 11 కూడా కొన్నింట్లో ఉండవు, అయినా చాలావరకు పనిచేస్తాయి. 1, 2, 3 రంగులవి, వాటిలో ఒకటి పోతే బొమ్మ మొత్తం పసుపుగానో నీలంగానో అయిపోద్ది. 13, 14 పోతే అసలు బొమ్మే నిలబడదు.

బావ కేబుల్‌లో 12 లోపలికి దిగిపోయి ఉంది. షాపు ఊడ్చేటప్పుడు టేబుల్ జరిపి, ఊడిన కేబుల్‌ని తలకిందులుగా పెట్టబోయి గట్టిగా నొక్కారంట. ఇంట్లో ఇంకో మూలన పడున్న కేబుల్ తగిలిస్తే అప్పటికప్పుడు 1440 బై 900 వచ్చింది, ఒక్క సెట్టింగ్ కూడా మార్చలేదు.

పిన్ను వంగితే సన్నటి పట్టకారుతో నిదానంగా నిలబెట్టండి, పచ్చగా ఉంటే ఎలక్ట్రానిక్స్ షాపులో కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే అడిగి కొట్టి ఆరిన తర్వాత పెట్టండి. పెట్రోలు, గరుకు కాగితం వద్దు, పూత లేచిపోద్ది. కంప్యూటర్ వెనక సాకెట్‌లో కూడా దుమ్ము ఉంటది, దాన్ని మర్చిపోవద్దు. తగిలించాక రెండు పక్కలా స్క్రూలు బిగించండి. నూటికి ఎనభై మంది ఆ స్క్రూలు వదిలేస్తారని నా గట్టి నమ్మకం, అదే మళ్ళీ మళ్ళీ వదులైపోద్ది.

ఇంకోటి, మధ్యలో ఏదన్నా డబ్బా ఉందేమో చూసుకోండి. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఆఫీసులో లెక్కలు రాసే గదిలోదీ లోపల ఓనరు గదిలోదీ ఒకే బొమ్మ రావాలని వీజీఏ స్ప్లిటర్ పెట్టుకున్నారు. ఆ చౌక డబ్బా బొమ్మని రెండుగా పంచుతది గానీ మానిటర్ చెప్పేది వెనక్కి దాటనివ్వదు. స్ప్లిటర్ తీసి కేబుల్ నేరుగా పెడితే 128 వచ్చింది, మళ్ళీ స్ప్లిటర్ పెడితే 0. అట్టాంటి చోట, డబ్బా తీయటం కుదరనప్పుడు, అప్పుడు మాత్రమే ఆరో పని న్యాయం.

చివరగా ఒక చిన్న అలవాటు. కరెంటు పోయి వచ్చిన తర్వాత మానిటర్ ముందు ఆన్ చేసి ఆ తర్వాత కంప్యూటర్ ఆన్ చేయండి. 9వ పిన్ను మీద మానిటర్ చిప్పుకి కంప్యూటర్ నుంచి 5 వోల్టులు పోద్ది, ఆ పిన్ను లేని కేబుల్ అయితే మానిటర్ ఆన్‌లో లేనప్పుడు చిప్పు పలకదు, కంప్యూటర్ అడిగే టైముకి అది నిద్రలో ఉంటది.

ఆరోది: దారి లేనప్పుడు మనమే సైజు చెప్పటం

కేబుల్ మార్చారు, డబ్బా తీశారు, వేరే కంప్యూటర్‌కి తగిలించినా సున్నానే వస్తా ఉంది అంటే మానిటర్‌లో చిప్పే పోయి ఉంటది, లేకపోతే 1994కి ముందుదై ఉంటది. గాజు బాగుంది, బొమ్మ బాగుంది, కాబట్టి మనమే చెప్దాం. 19 వైడ్ అనుకుని చూపిస్తా.

సీవీటీ 1440 900

అని కొడితే ఆ సైజుకి కావాల్సిన అంకెలన్నీ ఉన్న మోడ్‌లైన్ అనే ఒక లైను ఇస్తది. సీవీటీ లేదంటే ఎక్స్‌సీవీటీ ప్యాకేజీ వేసుకోండి. ఆ లైనులో కొటేషన్‌లో ఉన్న పొడుగు పేరు వదిలేసి దాని బదులు మనం చిన్న పేరు పెట్టుకుందాం, నేను ఎప్పుడూ ఎన్ఎల్ఆర్ అని మూడక్షరాలు పెడతా, నెల్లూరు గుర్తుగా.

ఎక్స్‌రాండర్ --న్యూమోడ్ ఎన్ఎల్ఆర్ 106.50 1440 1528 1672 1904 900 903 909 934 -హెచ్‌సింక్ +వీసింక్

ఎక్స్‌రాండర్ --యాడ్‌మోడ్ వీజీఏ-1 ఎన్ఎల్ఆర్

ఇప్పుడు సైజు మార్చే కమాండ్. ఇది తప్పయితే స్క్రీన్ నల్లగా అయిపోయి మీకు మౌస్ కూడా కనపడదు, కాబట్టి తిరిగి వచ్చే దారి కూడా అదే లైనులో పెట్టి కొట్టండి:

ఎక్స్‌రాండర్ --అవుట్‌పుట్ వీజీఏ-1 --మోడ్ ఎన్ఎల్ఆర్ ; స్లీప్ 15 ; ఎక్స్‌రాండర్ --అవుట్‌పుట్ వీజీఏ-1 --మోడ్ 1024ఎక్స్768

15 సెకన్లు కొత్త సైజులో ఉండి పాతదానికి దానికదే వచ్చేస్తది. ఆ 15 సెకన్లలో బొమ్మ బాగా కనపడితే ఈసారి మొదటి ముక్క ఒక్కటే కొట్టండి. బొమ్మ కొంచెం పక్కకి జరిగి ఉంటే, ఇప్పుడు నొక్కండి ఆ ఆటో బటన్, దాని పని ఇక్కడ.

18.5 ఇంచుల వాళ్ళు ఒకటి గమనించాలి. సీవీటీ లెక్క ఎప్పుడూ ఎనిమిదితో భాగించబడే వెడల్పే ఇస్తది, 1366 భాగించబడదు కాబట్టి 1368 ఇస్తది, అక్షరాలు కొద్దిగా మసకగా వస్తాయి. మీరు సీవీటీ వదిలేసి ఈ అంకెలు వాడండి: 85.50 1366 1436 1579 1792 768 771 774 798 +హెచ్‌సింక్ +వీసింక్. ఇవి వెసా వాళ్ళ పట్టికలో ఉన్నవే. ఇక్కడ రెండూ ప్లస్సే, మైనస్ కాదు.

కంప్యూటర్ ఆపి వేస్తే ఇదంతా పోద్ది. ఉండాలంటే నానో ~/.ఎక్స్‌ప్రొఫైల్ అని తెరిచి న్యూమోడ్, యాడ్‌మోడ్, అవుట్‌పుట్ మూడు కమాండ్‌లూ మూడు లైన్లుగా రాసి సేవ్ చేయండి, స్లీప్ ముక్క వద్దు. పేరు ముందు చుక్క మర్చిపోవద్దు. లాగిన్ స్క్రీన్ మాత్రం పాత సైజులోనే ఉంటది, పాస్‌వర్డ్ కొట్టాక మారిద్ది. తర్వాత ఎప్పుడన్నా మానిటర్ మారిస్తే ముందు ఈ ఫైలు తీసేయండి, లేకపోతే కొత్త మానిటర్‌కి కూడా పాత సైజే పంపిస్తా ఉంటది.

సీఆర్‌టీ ఉన్నోళ్ళకి వేరేగా

సీఆర్‌టీ అంటే వెనక పెద్ద గాజు ట్యూబు ఉండే పాత బుడ్డి మానిటర్, దాంతో బలవంతం వద్దు, ఇది నేను గట్టిగా చెప్తన్నా. ఎల్‌సీడీకి ఎక్కువ పంపిస్తే అవుట్ ఆఫ్ రేంజ్ అని చూపిచ్చి ఊరుకుంటది, పాత సీఆర్‌టీలు కొన్ని ఆ మాట చెప్పవు, కీచుమని అరుస్తాయి, అట్టాగే వదిలేస్తే లోపల పార్టు కాలిపోద్ది. అరుపు వినపడిన వెంటనే మానిటర్ స్విచ్ ఆపేయండి.

దర్శి వైపు ఒక ఊళ్ళో పిల్లలు చదువుకునే గదికి ఎవరో ఇచ్చిన 15 ఇంచుల సీఆర్‌టీ పెట్టాం. వెనక స్టిక్కర్ మీద అడ్డం 30 నుంచి 54 కిలోహెర్ట్జ్ అని ఉంది. ఈ అంకె దాటకూడదు. మోడ్‌లైన్‌లో మొదటి అంకెని మిలియన్‌తో గుణించి, అయిదో అంకెతో భాగిస్తే హెర్ట్జ్ వచ్చిద్ది, దాన్ని వెయ్యితో భాగిస్తే కిలోహెర్ట్జ్. మొదటి అంకెతో కలిపి అయిదు లెక్కపెట్టండి, అంటే 1440 లైనులో 1904. 106.50 మిలియన్లని 1904తో భాగిస్తే 55.9 వేలు, అంటే 55.9 కిలోహెర్ట్జ్, ఆ 15 ఇంచుల దానికి ఇది పంపించకూడదు. మామూలు వెసా సైజుల్లో 1024 బై 768 అరవై హెర్ట్జ్‌లో 48.4 అయిద్ది, పర్లేదు, అదే 75 హెర్ట్జ్‌లో పెడితే 60, దాటిపోయింది. 800 బై 600 అయితే 85 హెర్ట్జ్‌లో కూడా 53.7, లోపలే ఉంది.

సీఆర్‌టీ అరవైలో మినుకు మినుకుమంటది, ట్యూబు లైటు కింద ఇంకా ఎక్కువ, పిల్లలకి కళ్ళు లాగుతాయి. అందుకని ఆ గదిలో పెద్ద సైజుకి ఆశపడకుండా 800 బై 600ని 85లో పెట్టాం:

ఎక్స్‌రాండర్ --అవుట్‌పుట్ వీజీఏ-1 --మోడ్ 800ఎక్స్600 --రేట్ 85

లిస్టులో 85 లేకపోతే 75 పెట్టినా చాలు, అది 46.9 కిలోహెర్ట్జ్, మినుకు దాదాపు పోద్ది. స్టిక్కర్ చిరిగిపోయి ఏ అంకే కనపడకపోతే 800 బై 600, అరవై, అంతే, అంతకు మించి వద్దు.